చిలుకూరు దారిలో జామ తాండ్ర దొరకాలి

అజీజ్‌నగర్: శుక్రవారం మొదలు ఆదివారం వరకు అజీజ్‌నగర్ మీదుగా చిలుకూరు బాలాజీ దర్శనానికి పోయే వాహనాలకు లెక్క ఉండదు. విదేశాలకు పోవాలని మొక్కుకున్నవారు గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు చేస్తారు. కోరిక తీరాక మళ్లీ వచ్చి 108 పూర్తి చేస్తారు. హుండీ లేని ఆ గుడిలో దేవుడు వీరి నుండి పైసా కోరడు. అయితే తిరుగు దారిలో ఈ ప్రాంతపు గుర్తుగా ఇంటికి పట్టుకుపోవడానికి, పదిమందికీ పేరు తెలిసిన తినుబండారం మాత్రం ఒక్కటీ లేదు. ఇది చిన్న విషయం కాదు.

మనవారికి ఊరు వెళ్లి ఒట్టి చేతులతో తిరిగి వచ్చే అలవాటు లేదు. గోదావరి జిల్లాలకు పోయినవారు తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు తెస్తారు. బందరు పోతే లడ్డూ తప్పదు. ఇవి ఊరి పేరుతో అమ్ముడుపోయే సరుకులు. బందరు లడ్డూకు 2017లో, పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆత్రేయపురంలోను, విజయనగరం జిల్లా భీమాళిలోను మామిడి తాండ్ర చేసి ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. మామిడి రసానికి తీపి కలిపి చాపల మీద పలుచగా పోస్తారు. ఎండిన పొర మీద మరో పొర పోస్తూ, రోజుల తరబడి ఎండబెడతారు. వేసవిలో నిలవ ఉండని పండు ఆ విధంగా ఏడాది పొడుగునా అమ్ముకునే సరుకు అవుతున్నది.

మన మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతానికి జామ ఉన్నది. వానాకాలం చివర, మళ్లీ చలికాలంలో రోడ్డు పక్కన బుట్టల్లో జామపండ్లు కనిపిస్తాయి. కారు ఆపినవారు ఉప్పు, కారం చల్లించుకొని అక్కడే తిని పోతారు. దానితో సరి. పండిన జామ మూడు, నాలుగు రోజులకు మించి నిలవదు. పంట ఒక్కసారిగా మార్కెట్‌కు వచ్చిందంటే ధర పడిపోతుంది. సాయంత్రానికి బుట్టలో మిగిలినదానిని అడిగిన ధరకు ఇవ్వవలసిందే. ఇక అమెరికా పోయే పిల్లవాని పెట్టెలోకి జామపండు ఎక్కనే ఎక్కదు. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాలలో పచ్చి పండ్లను విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు.

ఈ పండును ఉడికించి తాండ్రగా చేస్తే ఈ చిక్కులు చాలావరకు తీరతాయి. సీతాఫలంతో ఎందుకు చేయరాదని ఎవరైనా అడగవచ్చు. సీతాఫలం గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుంది. జామ అటువంటిది కాదు. పాకాన్ని గడ్డకట్టించే పెక్టిన్ అనే పదార్థం జామలో సహజంగానే అధికం. పండ్లను ముక్కలుగా కోసి కొద్దిపాటి నీటిలో ఉడికించి, జల్లెడ మీద రుద్దితే గింజలు పైన నిలిచి గుజ్జు కిందికి దిగుతుంది. కిలో గుజ్జుకు దాదాపు కిలో చక్కెర, కాస్త నిమ్మరసం వేసి, మందపాటి గిన్నెలో అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. గిన్నె అంచులు వదిలి ముద్దగా అయినప్పుడు నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, చల్లారాక ముక్కలు కోస్తే చాలు. దీనికి యంత్రాలు అక్కరలేదు. ఓపిక, శుభ్రత కావాలి. ఇందులో సగం చక్కెరే గనుక ఆరోగ్యం పేరు చెప్పి అమ్మరాదు. మిఠాయిగానే అమ్మాలి.

ఇది మనం కొత్తగా కనిపెట్టే వింత కాదు. గోవాలో దీనినే పెరాద్ అంటారు. క్రిస్మస్ పిండివంటలలో దానికి చోటు ఉన్నది. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో వెలెజ్ అనే ఊరి చుట్టుపక్కల ఇదే జామ మిఠాయి చేసి, ఆకులో చుట్టి అమ్ముతారు. అక్కడి ప్రయాణికులు దానిని వెంట తీసుకుపోవడం పాత ఆచారం. 2017లో ఆ దేశ ప్రభుత్వం ఆ ఊరి పేరును ఆ సరుకుకే పరిమితం చేస్తూ రక్షణ ఇచ్చింది. మనకు మోదుగాకు ఉన్నది, జామ ఉన్నది, కొనేవారు గుడి దాకా నడిచి వస్తున్నారు. లేనిది పూనిక ఒక్కటే.

ఇక అసలు సంగతి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకై 1996లో 111 నంబరు జీవో వచ్చింది. రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో పరిశ్రమలను, పెద్ద కట్టడాలను అది అడ్డుకున్నది. 2022లో 69 నంబరు జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. దీనిపై ఎవరి వాదన వారికి ఉండవచ్చు. కాని ఎకరం ధర కోట్లలో పలికే చోట జామ చెట్టు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ప్రశ్న. తోట కంటె ప్లాటే లాభమని తేలినప్పుడు రైతును తప్పుపట్టి ప్రయోజనం లేదు.

భూమి అమ్ముకునేవాడు జామ తాండ్ర చేస్తాడా అని నవ్వేవారు ఉంటారు. నిజమే, చేయడు. అమ్మడానికి భూమి లేనివారి కోసమే ఈ మాట. తోటలు పోతే కూలి పోయేది ఆడవారికి. కాయ కోసేది, బుట్ట మోసేది, ఎండలో రోడ్డు పక్కన కూర్చునేది వారే. భూమి ధర పెరిగితే వారికి వచ్చేది ఏమీ లేదు. ఒక్క తాండ్ర వల్ల తోటలన్నీ నిలుస్తాయని ఎవరూ అనరు. అయితే మిగిలిన పండుకు ఇంటి దగ్గరే గిరాకీ ఉంటే, ఉన్న తోటను ఇంకొన్నాళ్లు ఉంచుకోవడానికి రైతుకు ఒక కారణం దొరుకుతుంది. ఇంటి పొయ్యి మీద అయ్యే పని గనుక జలాశయాలకు హాని లేదు. తొక్కలు, గింజలు ఎరువు గుంతకు పోతాయి.

చేయవలసినది పెద్దదేమీ కాదు. మహిళా సంఘాలలో ఆసక్తి గలవారికి ఉద్యాన శాఖ శిక్షణ ఇప్పించాలి. కోహిర్ జామ నుండి కోహిర్ సఫేదా, సఫేద్ జామ్ రకాలను రూపొందించిన సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం మనకు ఎంతో దూరంలో లేదు. పంచాయతీలు చిలుకూరు దారిలో నీడ గల నాలుగు దుకాణాలకు చోటు చూపాలి. పొట్లం మీద తయారైన తేదీ, తూకం, పండు ఏ ఊరిదో తప్పక రాయాలి. రంగులు కలపరాదు. పై ఊరి పండు తెచ్చి మన పేరు వేసిన రోజున ఆ పేరు చచ్చినట్లే.

వీసా వచ్చిందని 108 ప్రదక్షిణలు చేసి వెళ్లే పిల్లల పెట్టెలో ఆవకాయ ఎలాగూ ఉంటుంది. దాని పక్కన ఈ ఊరి జామ తాండ్ర పొట్లం కూడా ఉండాలి. తోటలు ఉన్నప్పుడే ఆ పేరు సంపాదించుకోవాలి. అవి పోయిన తరువాత ఎన్ని దుకాణాలు పెట్టినా అమ్మడానికి మిగిలేది పేరే గాని పండు కాదు.