శిక్షణ ఎవరికి? తండా విద్యార్థి, ద్విపద పాఠం

1986 జాతీయ విద్యావిధానం వెంట వచ్చిన అకడమిక్ స్టాఫ్ కళాశాలలు 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా, 2023లో మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలుగా పేరు మార్చుకున్నవి. పునశ్చరణ తరగతికీ పదోన్నతికీ వేసిన ముడి మాత్రం వీడలేదు. చిక్కంతా అక్కడే ఉన్నది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కళాశాలల్లో పీరియడ్ల లెక్కన పారితోషికం పొందే అతిథి అధ్యాపకునికి పదోన్నతి అనే నిచ్చెనే లేదు. శిక్షణకు వెళ్లిన నాటి కూలి కూడా పోతుంది.

విషయం తెలిస్తే బోధన దానంతట అదే వస్తుందనే వాదం ఒకటున్నది. అది నిలవదు. పాల్కురికి సోమనాథుని పాలకుర్తి నేడు జనగామ జిల్లాలోనిదే. అందరికీ అందాలని జానుతెనుగును, ద్విపదను చేపట్టిన ఆ కవిని, ఇంట గోర్ బోలీ మాట్లాడే మహబూబాబాద్ తండా విద్యార్థికి, కోయ మాట్లాడే భూపాలపల్లి విద్యార్థికి చెప్పడానికి ఛందోజ్ఞానం ఒక్కటే చాలదు. ఏ దేశిపదం దగ్గర విద్యార్థి ఆగిపోతాడో, పాడి వినిపిస్తే ఎక్కడ అందుకుంటాడో ఎరిగి ఉండాలి. రాజధానిలో నడిచే సామాన్య శిక్షణలో ఇది పట్టుబడదు. ఆన్‌లైన్ తరగతిలో మరీ పట్టుబడదు.

కాకతీయ విశ్వవిద్యాలయ తెలుగు శాఖే ఈ పని తలకెత్తుకోవాలి. (భూపాలపల్లి జిల్లాకు పేరైన ఆచార్య జయశంకర్ ఆ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసినవారే.) అనుబంధ కళాశాలల అధ్యాపకులను, అతిథులతో సహా, సెమిస్టరుకొకమారు ఈ మూడు పట్టణాల్లోనే కూర్చి, ఒకరి పాఠం మరొకరు విని చర్చించే ఏర్పాటు చేయాలి. ఆ రోజును పనిదినంగా లెక్కించి పారితోషికం చెల్లించాలి.