ప్లగ్గు కోయకండి, ప్లగ్గుతోనే అమ్మండి!

సైనిక మిగులు బ్యాటరీ చార్జర్లను అమ్మేవారికి, కొనేవారికి, బాగుచేసేవారికి విజ్ఞప్తి



సైన్యం వాడి పక్కనపెట్టిన బ్యాటరీ చార్జర్ పాత సామాను దుకాణంలో కంటపడితే పని తెలిసిన మెకానిక్ దాన్ని ఊరికే వదలడు. బరువైన ట్రాన్స్‌ఫార్మర్, మందపాటి రేకు పెట్టె, తడినీ దుమ్మునూ తట్టుకునే బిగింపు చూసి మనసు పారేసుకుంటాడు. లారీలకు వాడే 24 వోల్టుల బ్యాటరీలు చార్జ్ చేసుకోవడానికి ఆటోనగర్ షెడ్డుకైనా, ప్రయోగాలకు పాలిటెక్నిక్ ల్యాబుకైనా అలాంటిది అక్కరకొచ్చే వస్తువే.

అయితే దానికి మామూలు మూడు పిన్నుల ప్లగ్గు ఉండదు. పెట్టె గోడకు మరచుట్లున్న గుండ్రటి లోహపు కనెక్టర్, అందులో మూడో నాలుగో పిన్నులు మాత్రం కనిపిస్తాయి. దానికి జతగా రావలసిన ప్లగ్గు గానీ కేబుల్ గానీ ఉండవు. కేబుల్‌లో రాగి ఉంటుంది, రాగికి రేటుంది. అందుకే తుక్కు యార్డులో ముందు తెగేది అదే. తాళంచెవి పారేసి ఇనప్పెట్టె అమ్మడం లాంటిది ఈ వ్యవహారం.

తర్వాత జరిగేది మనలో చాలామంది చూసిందే. కొన్నవాడు ఆ కనెక్టర్‌ను పీకేసి, అదే రంధ్రంలోంచి రెండు వైర్లు దూర్చి, టేపు చుట్టి, గోడ సాకెట్‌కు తగిలిస్తాడు. ఇంకొకరు పిన్నులకే నేరుగా క్లిప్పులు పట్టిస్తారు. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. రేకు అంచుకు ఒరుసుకుని వైరు తొక్క లేచిందంటే పెట్టె మొత్తానికి కరెంటు పాకుతుంది. ఎర్త్ పిన్ను ఏదో చూసుకోకుండా వదిలేశారు కాబట్టి ఫ్యూజు కొట్టేయదు. పెట్టెను ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి కరెంటు నేలలోకి దిగుతుంది.

పీకి పారేస్తున్న ఆ కనెక్టర్ మీదే దాని జత ఏదో చెప్పే నంబరు రాసి ఉంటుంది. చదవడం రాక దాన్ని కోసేస్తున్నాం.

చదవడం ఇలా

ఒకప్పుడు అమెరికా విమానాల్లో ఏఎన్ పేరుతో వాడి, తర్వాత మిల్-సి-5015 ప్రమాణం కిందికి తెచ్చిన గుండ్రటి కనెక్టర్లు పాత సైనిక పరికరాల్లో తరచుగా ఎదురవుతాయి. అంచు మీది మడ్డి తుడిచి చూడండి. ‘ఎంఎస్3102ఎ-18-10పి’ అని ఉందనుకుందాం. 3102 అంటే పెట్టె గోడకు బిగించే రకం. 18 అనేది మరచుట్ల వ్యాసం, అంగుళంలో పదహారో వంతుల లెక్కన. అంటే 28.6 మిల్లీమీటర్లు. తర్వాతి 10 పిన్నుల అమరికకు ఇచ్చిన సంఖ్య. దాన్ని పిన్నుల లెక్క అనుకోవద్దు, 18-10 అమరికలో ఉండేవి నాలుగే. చివరి ‘పి’ పిన్నులకు గుర్తు, ‘ఎస్’ అయితే రంధ్రాలకు గుర్తు.

కాబట్టి దీనికి జత ఎంఎస్3106ఎ-18-10ఎస్, అంటే కేబుల్ చివర ఉండే తిన్నని ప్లగ్గు. పెట్టె గది గోడకు దగ్గరగా ఉండి కేబుల్ పక్కకు తిరగాలంటే 3108 అడగాలి. లాగినా వైరు ఊడిరాకుండా పట్టుకునే క్లాంపు ఎంఎస్3057. దాన్ని మరిచిపోకండి.

నంబరు చివర డబ్ల్యు, ఎక్స్, వై, జెడ్‌లలో ఏదైనా ఉంటే పిన్నులను పట్టి ఉంచే లోపలి దిమ్మెను కొంత కోణం తిప్పి అమర్చారని అర్థం. మిగతాదంతా కుదిరినా ఆ ఒక్క అక్షరం కలవకపోతే ప్లగ్గు ఎక్కదు. బలవంతాన ఎక్కించకండి. పక్కపక్కనున్న రెండు ప్లగ్గులు తారుమారు కాకుండా కావాలని చేసిన ఏర్పాటది.

నంబరు అరిగిపోతే వెర్నియర్ కాలిపర్‌తో మరచుట్ల బయటి వ్యాసం కొలిచి, వచ్చిన మిల్లీమీటర్లను 1.5875తో భాగించండి. 28.6 ఉంటే సైజు 18, 31.75 ఉంటే 20. ఆపైన పిన్నుల సంఖ్య, లావు, అమరిక తయారీదారుల పట్టికతో పోల్చి చూసుకోవచ్చు.

పిన్నుల పక్కన ఏ, బీ, సీ, డీ అని అక్షరాలుంటాయి. ఏ అంటే ఫేజు, డీ అంటే ఎర్త్ అని ఊహించుకోవద్దు. అక్షరం పిన్ను ఎక్కడుందో చెబుతుందే తప్ప దాని పనేమిటో చెప్పదు. కరెంటుకు కలపకముందే పెట్టె తెరిచి, ప్రతి వైరు ఎక్కడికి పోతోందో మల్టీమీటర్‌తో చూడాలి. పెట్టె లోహంతో కలిసి ఉండవలసింది ఎర్త్ పిన్ను ఒక్కటే.

ఇంకో నియమం ప్రాణం నిలబెట్టేది. కరెంటు ఇచ్చే చివర రంధ్రాలు, పుచ్చుకునే చివర పిన్నులు ఉండాలి. తిరగేసి కడితే కేబుల్ చివర లైవ్ పిన్నులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి.

ప్లగ్గు కుదిరితే చాలదు

పెట్టె మీది నేమ్‌ప్లేటు రేకు చదవకుండా స్విచ్ వేయకండి. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. రేకు మీద 115 వోల్టులని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే, అదే వోల్టేజీకి మన 50 హెర్ట్జ్ మీద ఇనుప కోరులో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది. 50/60 అని ఉంటే ఆ బెంగ లేదు. 400 హెర్ట్జ్ అని ఉంటే అది విమానాల కరెంటుకు చేసిన సరుకు. దాని కోరు చిన్నది, మన కరెంటు పెడితే మాడిపోతుంది. ఎంత చవకైనా వద్దనండి. ఇన్‌పుట్ 28 వోల్టుల డీసీ అని ఉన్నవాటిని గోడ సాకెట్ దరిదాపులకు రానివ్వకండి.

రేకు మీద 13 అంకెల స్టాక్ నంబరు ఉంటే అదీ రాసుకోండి. అందులో మొదటి నాలుగు అంకెలు వస్తువు తరగతిని చెబుతాయి. బ్యాటరీ చార్జర్లు 6130లో, విద్యుత్ కనెక్టర్లు 5935లో వస్తాయి. మాన్యువల్ వెతకడానికి ఆ నంబరే దారి.

ఈ ప్లగ్గులు దొరకవనుకోకండి. 18-10 లాంటివి ఇప్పటికీ సీఎన్‌సీ యంత్రాల సర్వో మోటార్లకు వాడుతున్నారు. హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్లల్లోనో, మీ ఊరి పారిశ్రామిక వాడలోనో సీఎన్‌సీ మరమ్మతులు చేసేవారిని నంబరు చెప్పి అడగండి. ఆకుపచ్చ పూత ఉన్న పాత కనెక్టర్లను మాత్రం ఉప్పుకాగితంతో రుద్దకండి. ఆ పూత కింద కాడ్మియం ఉంటుంది, దాని పొడి విషం.

మా కోరికలు

1. వేలం వేసే సంస్థలకు: ప్రభుత్వ పాత సామగ్రిని ఎంఎస్‌టీసీ లాంటి సంస్థలు ‘ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటే’ అనే షరతు మీద ఈ-వేలంలో అమ్ముతాయి. ఆ షరతును ఎత్తేయమనడం లేదు. ఉన్న ప్లగ్గును, కేబుల్‌ను పెట్టెకే కట్టి అమ్మండి. నేమ్‌ప్లేటు పీకకండి. వోల్టులు, ఫేజులు, హెర్ట్జ్, కనెక్టర్ నంబరు వేలం జాబితాలో రాయండి. ఖర్చు ఒక్క వాక్యం.

2. తుక్కు వ్యాపారులకు: మూరెడు కేబుల్ రాగికి వచ్చే డబ్బు కంటే, జత ప్లగ్గుతో ఉన్న చార్జర్‌కు కొనేవాడు ఇచ్చేది ఎక్కువ. కోయకండి.

3. మెకానిక్‌లకు, కొనేవారికి: ప్లగ్గు లేకపోతే ధర తగ్గించమని అడగండి, మిగిలిన డబ్బుతో సరైన ప్లగ్గు కొనండి. కేబుల్ రెండో చివర ఐఎస్ 1293 గుర్తున్న మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టండి. ఈ రెండూ లేకుండా పాత చార్జర్‌ను ఆన్ చేయకండి.

4. ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు: కనెక్టర్ నంబరు చదవడం, జత ప్లగ్గుకు వైర్లు సోల్డర్ చేయడం, ఎర్త్ పరీక్షించడం ఒక ప్రాక్టికల్‌గా పెట్టండి. ఒక్క పూట చాలు. షెడ్డుల్లో పనికి చేరేది ఆ పిల్లలే.

ఈ నాలుగింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. మంచి యంత్రం తుక్కు కాకుండా ఉండాలన్నా, దాన్ని ముట్టుకున్న పనివాడు క్షేమంగా ఇంటికి చేరాలన్నా ప్లగ్గును దాని పెట్టెతోనే ఉంచాలి. ఈ కరపత్రం చదివాక మీకు తెలిసిన పాత సామాను దుకాణంలో, మీ ఆటోనగర్ షెడ్డులో గోడకు అంటించండి. నలుగురితో చదివించండి.