ఎరువు పెట్టెకు కారు పూత ఎందుకు ఉండరాదు?

హైదరాబాదులోని ఎస్.ఆర్. నగర్ వీధులలో ఆరుబయట నిలిపి ఉంచిన కార్లు ఎన్ని వానాకాలాలు తడిసినా వాటి ఉక్కు అంత త్వరగా తుప్పు పట్టదు. విత్తనమూ ఎరువూ ఒకేసారి వేసే ట్రాక్టరు గొర్రు మాత్రం ఏడాదిలో కొద్ది రోజులే పనిచేసి, తక్కిన కాలం పాకలో ఉండి కూడా ఎరువు పెట్టె అడుగున చిల్లులు పడుతుంది. ఎరువుల లవణాలు వాననీటి కంటె కఠినమైనవన్నది నిజమే. అయితే పైరంగు కింద ఉండవలసిన పూత గొర్రుకు లేకపోవడం కూడా అంతే నిజం.

కారు బాడీని శుభ్రపరచి, జింకు ఫాస్ఫేటు పొరనిచ్చి, నీటిలో కలిపిన ఎపాక్సీ రెజిన్ తొట్టిలో ముంచి, దానినే కాథోడ్‌గా చేసి విద్యుత్తు పంపుతారు. ఉక్కు ఉపరితలం వద్ద నీరు విచ్ఛిన్నమై క్షారత పెరుగుతుంది. ధనావేశంతో అక్కడికి చేరిన రెజిన్ కణాలు ఆవేశాన్ని కోల్పోయి లోహానికి అంటుకుంటాయి. పూత పడినచోట విద్యుత్ నిరోధం పెరుగుతుంది గనుక ప్రవాహం పూత పడని మూలలకు మళ్లుతుంది. స్ప్రే గన్ చేరలేని వెల్డింగు సందులకు సైతం ఇంచుమించు 20 మైక్రాన్ల పూత అందేది ఇందువల్లనే. తరువాత దానిని సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి గట్టిపరుస్తారు.

పరిశోధనశాలల మక్కువ వేరొక పద్ధతిపై ఉన్నది. అనిలిన్, పైరోల్ వంటి అణువులను ఉక్కుపైనే పాలిమర్‌గా మార్చడం ఆ పద్ధతి. 1985లో డెబెర్రీ స్టెయిన్‌లెస్ ఉక్కుపై పాలీఅనిలిన్ ప్రభావాన్ని చూపినప్పటి నుంచి ఈ ఆశ బలపడింది. కాని ఆనోడ్‌గా ఉంచిన సాధారణ ఉక్కు, పాలిమర్ ఏర్పడేలోపే కరగనారంభిస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లంతో ముందుగా రక్షకపొర కల్పించవలసి వస్తుంది. పైగా క్లోరైడు సమక్షంలో గీత పడితే విద్యుద్వాహక పూత తుప్పును పెంచవచ్చు. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ క్లోరైడు లవణమే కదా! దానికోసం వేచి ఉండడం రైతుకు మేలు చేయదు.

నాగలి కర్రుకు, రోటవేటరు బ్లేడులకు ఈ పూత వృథా. మట్టి రాపిడికి అది నిలువదు. పెట్టె, చట్రం, గొట్టాలకే దీని ప్రయోజనం. తొట్టి, రెక్టిఫయరు, ఓవెన్, మురుగునీటి శుద్ధి చిన్న తయారీదారుకు భారమే. ఎస్.ఆర్. నగర్ పక్కనే ఉన్న సనత్‌నగర్, ఆపైన బాలానగర్ వంటి పారిశ్రామికవాడలలో జాబ్‌వర్క్ కొత్త కాదు. నగరం వెలుపల, శుద్ధి వసతి ఉన్నచోట ఇటువంటి ఉమ్మడి పూతకేంద్రం ఏర్పడాలి.

యంత్ర ప్రదర్శనలలో హార్స్‌పవర్, సాళ్ల దూరం అడిగే విస్తరణ శాస్త్రవేత్తలు పూత సంగతీ అడగాలి. అద్దె యంత్ర కేంద్రాల కొనుగోలు నిబంధనలలో 5 శాతం ఉప్పునీటి స్ప్రే పరీక్షను చేర్చాలి. మంచి పూత ఉన్నా, సాయంత్రం పెట్టెలో మిగిలిన ఎరువును తీసి కడగడం మానరాదని రైతుకు అప్పుడే చెప్పాలి.