తక్కెడ క్రింద చింతపండు



ఇటీవల ఒక రైతు సహోదరుడు మా యొద్దకు వచ్చెను. ఆయన కుమార్తె చక్కగా పాడును. ఆమె పాడిన క్రైస్తవ గీతమును రికార్డు చేయించిరి. ఇప్పుడు పట్టణములో ఒకరు, "నలభై వేలు ఇవ్వండి, ఫోనులో లక్షలమంది చూసినట్లు లెక్క తెప్పిస్తాం" అనిరట. "అయ్యగారూ, మా ఇంటిది గొలుసు తాకట్టు పెడదామంటోంది. ప్రార్థన చేయండి" అని అడిగెను. ప్రార్థనకు ముందు ఆ లెక్కను గూర్చి ఆయనతో కొంత మాటలాడితిమి. అదే ఇక్కడ వ్రాయుచున్నాము.

ఈ వ్యాపారము కొత్తది కాదు. 1950 ప్రాంతములలో అమెరికాలో రేడియోలో పలుమార్లు వినబడిన పాటకే గిరాకీ. అందుచేత రికార్డు కంపెనీలవారు కొత్త గాయకుల రికార్డులతో పాటు, వాటిని రేడియోలో వేయువారికి చాటుగా సొమ్ము కూడ ఇచ్చెడివారు. దీనికి 'పేయోలా' అని పేరు. 'రాక్ అండ్ రోల్' అను మాటకు ప్రచారము తెచ్చిన అలన్ ఫ్రీడ్ ఈ గొడవలోనే 1959లో ఉద్యోగము పోగొట్టుకొనెను. 1962లో నేరము ఒప్పుకొని 300 డాలర్ల జరిమానాకు గురియయ్యెను. సొమ్ము పుచ్చుకొన్న సంగతి శ్రోతలకు చెప్పక పాట వేయుట నేరమని 1960లోనే చట్టము వచ్చెను.

చట్టము వచ్చినను ఆశ చావలేదు. 2005లో న్యూయార్క్ రాష్ట్ర అధికారుల విచారణలో సోనీ బిఎంజి కంపెనీ సంగతి బయటపడెను. రేడియోవారికి విహారయాత్రలు, ఖరీదైన వస్తువులు ముట్టినవి. శ్రోతలవలె ఫోను చేసి "ఆ పాట వేయండి" అని అడుగుటకు కూలికి మనుష్యులను పెట్టిరి. ఆ కంపెనీ కోటి డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను.

ప్రసిద్ధ 'బిల్‌బోర్డ్' పత్రిక ఆల్బముల పట్టిక కూడ 1991 వరకు దుకాణదారులు చెప్పిన మాటమీదనే ఆధారపడెడిది. ఆ ఏడు మే నెలలో నిజముగా అమ్ముడైన లెక్కను యంత్రముద్వారా తీసుకొనగానే పట్టిక ముఖమే మారిపోయెను.

సంతలో తక్కెడ క్రింద చింతపండు అంటించు వర్తకుని మనమెరుగుదుము. పైకి ముల్లు సరిగానే నిలుచును. మోసపు త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదటనే చెప్పుచున్నది. అది పప్పు ధాన్యములకు మాత్రమేనా? పాటలకు కాదా?

పాటను గూర్చి పదిమందికి చెప్పుట తప్పు కాదు. కరపత్రము వేయించవచ్చును, సభలో ప్రకటించవచ్చును. దాచిపెట్టి కొన్న లెక్కయే అబద్ధము. దేవుని స్తుతించు పాటకు అబద్ధమును ముందు నడిపించుట తగునా?

పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు ఏ పట్టికలో నెక్కినవి? రేడియో లేని ఆ దినములలో అవి నోటినుండి నోటికి ప్రాకి, నేటికిని మన పల్లె సంఘములలో వినబడుచున్నవి.

ఆ సహోదరుడు గొలుసు తాకట్టు పెట్టలేదు. పాట ఇంకను కొద్దిమందికే తెలియును, ఆ బిడ్డకు కొంత దిగులుగానే యున్నది. ఆమెకొరకు ప్రార్థించుడి. మీ పిల్లలు "ఇంతమంది విన్నారు" అని ఏదైన పాట తెచ్చినప్పుడు కోపపడక, దాని మాటలు చదివించి అర్థమడుగుడి. లెక్కను మనుష్యులు మార్చగలరు. హృదయమును తూచువాడు ప్రభువే.