అడ్డుపుల్ల ఎవరిది?

ఈ వారం నా మాట 'అడ్డుపుల్ల'. జరిగే పనిని ఎవరైనా ఆపితే, అడ్డుపుల్ల వేశారు అంటాం. హైవే 413 గురించి మాట్లాడుతూ బ్రాంప్టన్‌లో ఉండే మా బాబాయి వాడారు: "ఈ పర్యావరణం వాళ్లు కోర్టుకెళ్లి ప్రతి రోడ్డుకీ అడ్డుపుల్ల వేస్తారు."

మాట బాగుంది. విషయం మాత్రం తలకిందులైంది.

413 మిల్టన్ వైపు నుంచి వాన్ దాకా, సుమారు 52 కిలోమీటర్లు. మా స్కార్‌బరోకి దూరమే. 2021 మేలో ఫెడరల్ ప్రభుత్వం దాన్ని తన పర్యావరణ పరిశీలన కిందికి తెచ్చింది. కట్టొద్దని కాదు, ముందు చూద్దామని. ఆ దారిలో ఆపదలో ఉన్న ఒక చిన్న కప్ప, ఒక తూనీగ, ఎర్రతల వడ్రంగిపిట్ట ఉన్నాయి. (వడ్రంగిపిట్ట! ఎంత చక్కటి పేరో చూడండి.)

ఫెడరల్ చట్టంలో చాలా భాగం రాజ్యాంగానికి విరుద్ధమని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత 413 కోసం కోర్టుకి వెళ్లింది ఒంటారియో ప్రభుత్వమే. 2024 ఏప్రిల్‌లో 413 మీద పరిశీలన రద్దయింది. సరే, అది ఫెడరల్ వాళ్ల పని కాదనుకుందాం. అయితే ఆ బాధ్యత ప్రావిన్స్‌ది కదా? ప్రావిన్స్ ఏం చేసింది? అదే నవంబరులో 413ని తన సొంత పర్యావరణ అంచనా చట్టం నుంచి తప్పిస్తూ కొత్త చట్టం చేసింది. బదులుగా ఒక తేలిక పద్ధతి పెట్టింది. పరీక్ష రాయాల్సినవాడే ప్రశ్నపత్రం మార్చుకున్నట్టుంది.

ఇలాంటి కేసుల్లో కోర్టు రోడ్డు మంచిదా చెడ్డదా అని చూడదు. ప్రభుత్వం చట్టాన్ని పాటించిందా అని చూస్తుంది. చట్టం నుంచే తప్పించేస్తే మనం ఏమని దావా వేయాలి?

అసలు ఎంత సమయం మిగులుతుంది? అరగంట దాకా అంటుంది ప్రభుత్వం. 2017లో నిపుణుల బృందం సగటున అర నిమిషం నుంచి ఒక నిమిషం అంది. ఇంత తేడా ఉన్నప్పుడే కదా గట్టి పరిశీలన కావాలి!

ట్రాఫిక్ బాధ నిజం. నేనూ 401 మీద ఇరుక్కుంటాను. కానీ బ్రాంప్టన్ పక్కనుంచే 407 పోతోంది. 1999లో దాన్ని 99 ఏళ్ల లీజుకి ఇచ్చేశారు. టోల్ చూసి చాలామంది అటు పోరు. ముందు లారీలకైనా ఆ టోల్ తగ్గించి, 401 మీద ఎంత ఖాళీ అవుతుందో లెక్క చూపించమని మన ఎంపీపీలని అడగండి. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషులోకి నేను మారుస్తాను.