నోరున్నవాడికే మెకానిక్కు

కంపెనీవాడికి సిగ్గు లేదని తిట్టుకుంటాం గానీ, ఉంది. పదిమంది చూస్తున్నప్పుడు మాత్రమే అది పనిచేస్తుంది. వారం రోజులు ఫోన్ చేసినా పలకనివాడు, ఎక్స్‌లో పేరు పెట్టి రెండు ముక్కలు రాయగానే ఊడిపడతాడు. "అసౌకర్యానికి చింతిస్తున్నాం, దయచేసి డీఎం చేయండి" అంటాడు. ఎంత తొందరగా దారికొచ్చాడో చూశారా అని మనం స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి మురిసిపోతాం. ఆ మురిపెం చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. మనం గెలుపనుకుంటున్నది మన నోటికి వాడు కట్టిన వెల.

మా మేనత్తగారిది రాజోలు దగ్గర పల్లెటూరు. వేసవిలో ఫ్రిజ్ ఆగిపోయింది. వారంటీ ఉంది. బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే, తెలుగు కావాలంటే ఫలానా అంకె నొక్కమంది. నొక్కితే కాసేపు పాట. పాటయ్యాక హిందీలో ఎవరో కుర్రాడు. ఈవిడ "ఫ్రిజ్జు చల్లబడట్లేదు బాబూ" అంటూనే ఉంది, అతను కంప్లైంట్ నంబరు అడుగుతూనే ఉన్నాడు. చివరికి హైదరాబాదులో ఉద్యోగం చేసే వాళ్లబ్బాయి కంపెనీని ట్యాగ్ చేసి పోస్టు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే మెకానిక్కు గుమ్మంలో ఉన్నాడు. ఇన్నాళ్లూ ఏమైపోయావయ్యా అని అత్తయ్య అడిగితే, పాపం, ఉన్నమాట చెప్పేశాడు. "ఆయ్, నా తప్పేం లేదండి. పైనుంచి మా సార్‌కి గట్టిగా పడ్డాయంటండి. మీది ముందు చూసెయ్యమన్నారు. ఇయ్యాల మలికిపురంలో ఒకళ్లింటికెళ్లాలండి అసలు. ఆళ్లది ఎల్లుండికి మార్చేరు."

మలికిపురంలో ఆ ఇల్లెవరిదో నాకు తెలియదు. వాళ్లకి హైదరాబాదులో కొడుకు లేడేమో, ఉన్నా ఎక్స్‌లో ఖాతా లేదేమో. వాళ్ల వంతు మాకొచ్చింది. కంపెనీ కొత్తగా ఒక్క మెకానిక్కునీ వేయలేదు, ఉన్న ఒక్కడినీ అటునుంచి ఇటు తిప్పింది. రేషన్ షాపు దగ్గర ఎవడైనా ఇలా మధ్యలో దూరితే ఊరంతా కలిసి దులిపేస్తాం. ఫోన్లో దూరితే మాత్రం సోషల్ మీడియా సత్తా అని చప్పట్లు కొడతాం.

ఈ చప్పట్లు మనకు మొదట నేర్పింది రైల్వే. సురేశ్ ప్రభు రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు ట్వీటు పెడితే కదిలే రైల్లోకి పసిబిడ్డకు పాలొచ్చాయని పేపర్లన్నీ రాశాయి. బిడ్డకు పాలందితే సంతోషమే. కానీ అదే రైల్లో జనరల్ బోగీలో నీళ్లు రాని లెట్రిన్ పక్కన ఒంటికాలి మీద నిలబడి సామర్లకోట నుంచి తాడేపల్లిగూడెం వెళ్లేవాడికి మంత్రిగారి హ్యాండిల్ తెలుసా? హ్యాండిల్ తెలిసినా నెట్ ఉండాలి కదా. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. యాప్‌లో తప్ప ఫిర్యాదు తీసుకోమనే కంపెనీలకు ఆ రోజుల్లో కోనసీమవాడు మనిషి కింద లెక్కేనా?

నలుగురిలో అడగడం తప్పని అనడం లేదు. అలా అంటే గోదావరి గడ్డకే అవమానం. 1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని పెట్టి, రాజమండ్రి ఉద్యోగుల లంచాలను అచ్చులో ఎండగట్టాడు. అందులో ఆయన సొంత బాకీ వసూలు చేసుకోలేదు. మళ్లీ ఇంకొకడు అదే గుమ్మంలో మోసపోకూడదని రాశాడు. కెనడా గాయకుడు డేవ్ కారల్ గిటారును యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ప్రయాణంలో విరగ్గొట్టారు. నెలల తరబడి తిరిగినా పరిహారం ఇచ్చేది లేదన్నారు. 2009లో ఆయన దాని మీద పాట కట్టి యూట్యూబ్‌లో పెడితే ప్రపంచమంతా చూసింది. అప్పుడు కంపెనీ డబ్బిస్తానంటూ ముందుకొస్తే ఆయన పుచ్చుకోలేదు. పాట అలాగే ఉంచాడు. మనమేం చేస్తున్నాం? రీఫండ్ పడగానే పోస్టు తీసేస్తున్నాం. కంపెనీకి కావాల్సిందీ అదే. రేపు అదే మోడల్ ఫ్రిజ్ కొనబోయే తణుకువాడికి అది ఎన్నిసార్లు చచ్చిందో తెలియకుండా పోతుంది.

ఇంకో దరిద్రం ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం. పార్సిల్ ఆలస్యమైతే డెలివరీ కుర్రాడి మొహం వీడియో తీసి పెడతారు. ఆత్రేయపురంలో ఇంట్లో కూర్చుని పూతరేకులు చుట్టే ఆవిడ డబ్బా కొరియర్‌లో నలిగితే ఆవిడకి ఒక్క స్టారు ఇచ్చి బూతులు రాస్తారు. కొరియర్ కంపెనీని ఒక్క మాటనరు. నోరు పైకి ఎత్తాలి గానీ కిందికి దించడం మగతనమూ కాదు, పౌరధర్మమూ కాదు. పైగా ఫిర్యాదు కింద సొంత ఫోన్ నంబరు కూడా పెట్టేస్తారు. కంపెనీ కంటే ముందే దొంగ హ్యాండిల్ వాలుతుంది. అదే లోగో, అదే వినయం, "లింకు నొక్కండి సార్". ఆ తర్వాత ఫ్రిజ్ సంగతి వదిలేసి 1930కి, సైబర్ నేరాల నంబరుకు ఫోన్ చేసుకోవాలి.

"మరేం చెయ్యమంటారండీ, అక్కడ అరిస్తేనే కదా పనవుతోంది" అంటారు. అరవండి. కానీ అరుపు లెక్కలోకెక్కాలి. 2024 అక్టోబరులో ఓలా స్కూటర్ల సర్వీసు గురించి కమెడియన్ కునాల్ కామ్రాకూ ఆ కంపెనీ వ్యవస్థాపకుడు భవీశ్ అగర్వాల్‌కూ ఎక్స్‌లో జరిగిన రగడ దేశమంతా వినోదంగా చూసింది. అదే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ కంపెనీకి నోటీసిచ్చింది. నోటీసు వెనకున్నది ఏడాది కాలంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేరిన 10,644 ఫిర్యాదులు. పేరు లేని మామూలు జనం ఒక్కొక్కరే నమోదు చేయించుకున్నవి. ఆ హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు.

దానికీ లొంగకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. రాజమహేంద్రవరంలో, కాకినాడలో, ఏలూరులో ఉన్నాయి. 2020 జూలైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం మీరున్న చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా సరే. 5 లక్షల రూపాయల లోపు కొన్నదానికి ఫీజు లేదు, లాయరు ఉండి తీరాలనీ లేదు. వస్తువు పాడైన రెండేళ్లలోపు వేస్తే చాలు. విత్తనం మొలవని రైతు కూడా వినియోగదారుడేనని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. అది మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. నారుమడి వీడియో వాట్సాప్‌లో తిప్పే రైతన్నలకు ఈ సంగతి ఎవరు చెప్పారు?

కమిషన్లో ఏళ్లూ పూళ్లూ పడుతుందంటారు. నిజం. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో రాసుకుని, వాయిదాల మీద వాయిదాలు వేస్తారు. సభ్యుల ఖాళీలు నింపడం లేదని 2021లో సుప్రీంకోర్టే తనంతట తాను కేసు తీసుకుని ప్రభుత్వాలను నిలదీసింది. ఆ కోపం కూడా నలుగురిలో చూపించాల్సిందే. ఎమ్మెల్యేగారి పుట్టినరోజు ఫ్లెక్సీ కింద కాదు, ఆయన ఓట్లకొచ్చినప్పుడు అరుగు మీద.

ఈ డెల్టాకు కలిసి అడగడం కొత్త కాదు. గిట్టుబాటు లేదని, డ్రెయిన్లు పూడుకుపోయాయని 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు లక్ష ఎకరాల దాకా నాటకుండా వదిలేశారు. దాంతో ప్రభుత్వం కమిటీ వేసింది. నా ఒక్కడి చేనుకు ధర ఇవ్వండి, నోరు మూసుకుంటానని బేరమాడితే ప్రభుత్వం కమిటీ వేసేదా?

కాబట్టి పోస్టు పెట్టండి. దాంతోపాటే 1915కి చెప్పి నంబరు తీసుకోండి, ఆ నంబరు కూడా పోస్టులోనే రాయండి. డీఎంలోకి రమ్మంటే, అడిగింది ఇక్కడ, జవాబూ ఇక్కడే చెప్పమనండి. పనయ్యాక పోస్టు తీయకండి. ఎన్ని రోజులకు అయిందో, ఎవరిని ఆపి మీ దగ్గరికొచ్చారో దాని కిందే రాయండి. వచ్చిన మెకానిక్కును మాత్రం ఏమీ అనకండి. ముందు మలికిపురం వెళ్లిరా బాబూ అని అతన్ని పంపించగలిగినవాడే నా దృష్టిలో కంపెనీని నిజంగా భయపెట్టగలవాడు.