24 ఖాళీ డబ్బాలు

24 అగ్గిపెట్టెలు ఒకే రోజున ఖాళీ కావు. ఇంట్లోని పాత డబ్బాలతో అడ్వెంట్ క్యాలెండర్ చేయడాన్ని పొదుపు అనో, పర్యావరణ స్పృహ అనో మెచ్చుకునేవాళ్లు గమనించనిది ఇదే. డిసెంబరు 1 నుంచి క్రిస్మస్ ముందురోజు దాకా రోజుకొక గడి తెరిచే ఈ అలవాటు ఎదురుచూపులోంచి పుట్టింది. 19వ శతాబ్దపు జర్మనీలో ప్రొటెస్టెంట్ కుటుంబాలు తలుపు మీద 24 సుద్దగీతలు గీసి, రోజుకొకటి చెరిపేవి. తర్వాత మ్యూనిక్‌లో గెర్హార్డ్ లాంగ్ క్యాలెండర్లు అచ్చువేసి అమ్మాడు. చిన్నప్పుడు ఆయన తల్లి అట్టకు 24 బిస్కట్లు కుట్టి ఇచ్చేదట. కొన్న క్యాలెండర్ ముందు పిల్లలే ఎదురుచూస్తారు, పెద్దల పని డబ్బు కట్టడంతో అయిపోతుంది. అగ్గిపెట్టెలు, గుడ్ల అట్టలు, టిష్యూ రోల్ గొట్టాలు, జామ్ సీసాలు కూడాలంటే మాత్రం అక్టోబరు నుంచే ఇంటిల్లిపాదీ ఆగాలి. ఆ ఆగడమే నాకు ముఖ్యం. పాత డబ్బాలు నింపడానికి 24 ప్లాస్టిక్ బొమ్మలు కొంటే ఒరిగిందేమిటని అడగవచ్చు. గట్టి ప్రశ్నే, ఒప్పుకుంటాను. అందుకే లోపల ఒక అక్రోటుకాయ, ఒక చాక్లెట్, ఆ రాత్రి చెప్పబోయే కథ పేరు రాసిన చీటీ చాలు. సైజులు కుదరక గోడ మీద వంకరగా వేలాడుతుందంటారా, వేలాడనివ్వండి. అన్నిటికన్నా పెద్ద డబ్బాలో ఏముందో అని పిల్లలు పదిహేను రోజులు తర్జనభర్జన పడతారు.